ఎన్‌సైక్లోపీడియా సీడీలు ఇప్పుడు పనికొస్తాయా? పదిహేనేళ్ళు అమ్మినవాడి జవాబు

ముందు ప్రశ్న ఏంటో నా మాటల్లో ఒకసారి చెప్తా, మధ్యలో వచ్చి చదివేవాళ్ళకి తలాతోకా తెలియాలి కదా. అడిగినాయన కూకట్‌పల్లిలో ఉంటారు, ఇల్లు సర్దుతుంటే వాళ్ళ నాన్నగారి అల్మారాలో ఎన్‌కార్టా 2004 డిస్క్ బయటపడింది, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళు కంప్యూటర్ కోసం తెచ్చిన ఎన్‌సైక్లోపీడియా. మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తుంటే ఇంకొకతను బ్రిటానికా డీవీడీ 200కి ఇస్తానన్నాడు. అబ్బాయి ఏడో తరగతి, ఫోన్ చేతికిస్తే యూట్యూబ్ తప్ప ఇంకోటి చూడడు. దానికి తోడు సూర్యాపేట దగ్గర వాళ్ళ ఊరి బడికి రెండు పాత కంప్యూటర్లు ఇద్దామనుకుంటున్నారు, అక్కడ నెట్ వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. ఈ డిస్కులు వాడొచ్చా, లాభం ఏంటి నష్టం ఏంటి, 200 పెట్టాలా వద్దా, ఇదీ అడుగుతున్నది.

నేను 1997 నుంచి 2012 దాకా నారాయణగూడలో కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మాను, నాలుగైదు స్కూళ్ళ ల్యాబులు కూడా నేనే చూసుకునేవాణ్ణి, కాబట్టి ఈ డిస్కులు నా చేతుల మీదుగా వందల్లో పోయాయి. అసలు జవాబు ముందే చెప్పేస్తా: అల్మారాలో దొరికింది పారేయకండి, అబిడ్స్‌ది కొనకండి, ఊరి బడికి మాత్రం డిస్క్ ఇవ్వొద్దు, దానికి వేరే దారి ఉంది. ఎందుకో చెప్పాలంటే కాస్త పెద్దగా అవుతది, చాయ్ పెట్టుకుని కూర్చోండి.

ఇప్పటి పిల్లలకి చెప్తే నవ్వుతారు గానీ అప్పట్లో నెట్ అంటే డయలప్, మోడెం కీచుమని అరిచి కనెక్ట్ అయ్యేలోపు ఇంటి ఫోన్ ఎంగేజ్, ఒక్క ఫొటో పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగేది, నెల తిరిగేసరికి టెలిఫోన్ బిల్లు చూసి ఇంట్లో లొల్లి. అలాంటి టైంలో 650 ఎంబీ సీడీ అంటే సముద్రమే. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ, అంటే ఒక్క సీడీ ఇంచుమించు 450 ఫ్లాపీల పెట్టు. 1985లో గ్రోలియర్ వాళ్ళు తమ ఎన్‌సైక్లోపీడియాని సీడీకి ఎక్కించినప్పుడు అందులో ఉత్త అక్షరాలే, బొమ్మ అన్నది లేదు. బొమ్మలూ శబ్దాలూ పెట్టి కాంప్టన్స్ వచ్చింది 1989లో. ఆ తర్వాత 1993లో మైక్రోసాఫ్ట్ ఎన్‌కార్టా.

దీని వెనక కథ భలే ఉంటది. మైక్రోసాఫ్ట్ ముందు వెళ్ళి తలుపు తట్టింది బ్రిటానికాది, వాళ్ళు పొమ్మన్నారు. ఇంటింటికీ మనుషుల్ని పంపి పుస్తకాల సెట్లు అమ్ముకుని బతుకుతున్న కంపెనీ, చవక సీడీ చేస్తే తమ కొంప తామే కూల్చుకున్నట్టు అవుతదని భయం, అందులో తప్పు పట్టేదేం లేదు కూడా. అప్పుడు మైక్రోసాఫ్ట్ ఫంక్ అండ్ వాగ్నల్స్ అనే ఎన్‌సైక్లోపీడియా హక్కులు తీసుకుంది, అమెరికాలో సూపర్‌మార్కెట్లలో సరుకులతో పాటు ఒక్కో సంపుటం చొప్పున అమ్మే బాపతు అది, పండితులెవరూ లెక్కచేసేవాళ్ళు కాదు. మొదట 395 డాలర్లు రేటు పెట్టారు, కదల్లేదు, 99కి దించారు, ఎగబడి కొన్నారు. బ్రిటానికా 1990లో అమెరికాలో 1,20,000 సెట్లు అమ్మింది, 1996కి అది 40,000కి పడిపోయింది. వాళ్ళూ 1994లో సీడీ తెచ్చారు గానీ మొదట్లో 1200 డాలర్లు అన్నారు, ఆ ధరకి ఎవరు కొంటారండీ. చివరికి 32 సంపుటాల 2010 ప్రింటే ఆఖరిది, ఇక అచ్చు వేయమని 2012లో చెప్పేశారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని, ఎన్‌కార్టా కూడా మిగల్లేదు, 2001లో పుట్టిన వికీపీడియా ముందు నిలబడలేక 2009లో మైక్రోసాఫ్ట్ దుకాణం సర్దేసింది. అప్పటికి ఎన్‌కార్టా పెద్ద ఎడిషన్లో 60,000 పైచిలుకు వ్యాసాలుంటే ఇంగ్లీష్ వికీపీడియాలో 25 లక్షలు దాటాయి.

సరే, లాభాల సంగతి. అందరూ వీడియోలు, పాటలు, మ్యాపులు అంటారు, అవి కస్టమర్‌కి చూపించి డబ్బా అమ్మడానికి మాకు పనికొచ్చేవి. ప్రపంచ భాషల్లో పలకరింపులు వినిపించే పేజీ ఒకటుండేది, అది పెడితే చాలు బేరం తెగిపోయేది. నా లెక్కలో వీటి అసలు బలం వేరే. ఈ డిస్క్ ఒక చెరువు లాంటిది, దానికి గట్టు ఉంది. పిల్లగాడు అగ్నిపర్వతం అని కొడితే అగ్నిపర్వతం వస్తది, చదువుతాడు, పక్కనున్న లింకు నొక్కి భూకంపం దగ్గరికి పోతాడు, అక్కణ్ణుంచి జపాన్, అక్కడితో ఆగుతాడు, ఎందుకంటే ఇంకెక్కడికి పోయినా మళ్ళీ ఆ చెరువులోనే తేలాలి. యాడ్ రాదు, పక్కన ఎవడి డాన్సు వీడియోనో రాదు, కింద కామెంట్లలో బూతులుండవు. ప్రతి వ్యాసాన్నీ ఒక ఎడిటర్ చూసి, ఇంత పొడుగు చాలు అని కత్తిరించి పెట్టాడు. వికీపీడియాలో ఏడో తరగతి పిల్లాడికి గురుత్వాకర్షణ వ్యాసం తీసి చూపించండి, కాస్త కిందికి పోగానే ఈక్వేషన్లు మొదలవుతాయి, వాడు పారిపోతాడు. ఎన్‌కార్టా రాసిందే స్కూలు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని.

అందులో చంద్రుణ్ణి విసిరే ఆట ఒకటుండేది, నేను షాపులో ఖాళీగా ఉన్నప్పుడు అదే ఆడేవాణ్ణి. భూమి మధ్యలో ఉంటది, చంద్రుణ్ణి ఎంత దూరంలో పెట్టాలి, ఎంత వేగంతో వదలాలి మన ఇష్టం. వేగం తక్కువిస్తే వచ్చి భూమికి గుద్దుకుంటాడు, ఎక్కువిస్తే స్క్రీన్ దాటి పోతాడు, సరిగ్గా కుదిరితే గుండ్రంగానో కోడిగుడ్డులానో తిరుగుతూ ఉంటాడు. మా అమ్మాయి నాలుగో క్లాసులో ఉండగా ఒక మధ్యాహ్నమంతా చంద్రుణ్ణి భూమి మీద పడేస్తూ కూర్చుంది, సాయంత్రానికి "నాన్నా, నిజం చంద్రుడు ఎందుకు పడట్లేదో తెలిసింది, వాడు పడుతూనే ఉన్నాడు కానీ పక్కకి పోతున్నాడు" అంది. నాకు ఫిజిక్స్ చెప్పిన సారు మూడు పీరియడ్లలో ఎక్కించలేకపోయిన ముక్క అది. మైండ్‌మేజ్ అని ఇంకోటి, కోటలో గది గదికీ తిరుగుతూ ప్రశ్నలకి జవాబు చెప్తే తలుపు తెరుచుకునేది, రాకపోతే ఎన్‌సైక్లోపీడియాలో వెతికి వచ్చి చెప్పాలి, తెలియకుండానే చదివిస్తది.

ప్రాజెక్ట్ వర్కులకి మాత్రం దీన్ని మనవాళ్ళు వాడిన తీరు చెప్పి తీరాలి. ఒకరోజు ఒకాయన కోపంగా షాపుకొచ్చాడు, చేతిలో కొడుకు ప్రాజెక్ట్ ప్రింటౌట్, "ఏం సీడీ ఇచ్చారండీ, దీంట్లో వైరస్ ఉంది, ప్రతి పేజీ కింద ఏదో ఇంగ్లీష్ లైన్ వచ్చి కూర్చుంటోంది, మా వాడు టైప్ చేయలేదంటున్నాడు" అని. చూస్తే ఏముంది, ఎన్‌కార్టాలోంచి పేరాలు కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేస్తే అడుగున దానంతట అదే మైక్రోసాఫ్ట్ ఎన్‌కార్టా, ఫలానా ఏడాది, సర్వహక్కులూ కంపెనీవి అని లైన్ వచ్చేది. ఆ పిల్లాడు ఎనిమిది సార్లు కాపీ కొట్టాడు, ఎనిమిది సార్లు లైన్ వచ్చింది. నేను నవ్వు ఆపుకుని "వైరస్ కాదు సార్, దొంగని పట్టించే గంట" అన్నా. ఆయనకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక పిల్లాడి వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. నిజానికి ఆ లైను మంచిదే, ఎక్కణ్ణుంచి తీసుకున్నావో చెప్పాలని పిల్లలకి ఇంకెవరూ నేర్పలేదు. కానీ వారం తిరక్కుండానే పిల్లలందరికీ ఆ లైన్ డిలీట్ చేయడం వచ్చేసింది.

ఇక నష్టాలు. మొదటిది, ఆ చెరువులోకి కొత్త నీళ్ళు రావు. డిస్క్ ప్రెస్ చేసిన రోజుతో ప్రపంచం ఆగిపోయింది. మీ 2004 డిస్కులో ప్లూటో తొమ్మిదో గ్రహం, దాన్ని లిస్టులోంచి తీసింది 2006లో. సూడాన్ ఒకటే దేశం, 2011లో రెండైంది. చంద్రయాన్లు లేవు. ఇవన్నీ సులువుగా కనిపించే పాత సంగతులు, వీటితో బాధ లేదు, పిల్లాడికి స్కూల్లో కూడా చెప్తారు. ప్రమాదం ఎక్కడంటే, పైకి కరెక్టుగా కనిపిస్తూ లోపల మారిపోయిన వాటితో. భారతదేశంలో రాష్ట్రాలెన్ని అంటే 2004 డిస్క్ 28 అంటది. ఇవాళ కూడా 28నే! కానీ ఆ 28 వేరు ఈ 28 వేరు. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చి 29 అయ్యాయి, 2019లో జమ్ము కశ్మీర్‌ని కేంద్రపాలిత ప్రాంతం చేసి మళ్ళీ 28కి తెచ్చారు. అంకె చూసి పాసయ్యాం అనుకుంటే లిస్టు రాయమన్నప్పుడు దొరికిపోతాం. మన హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్ రాజధాని అని ఉంటది, మీ సూర్యాపేట ఒక జిల్లా అని దానికి తెలియనే తెలియదు. నెట్ నుంచి అప్‌డేట్లు దింపుకునే ఏర్పాటు ఉండేది నిజమే, ఆ సర్వర్లు పోయి ఏళ్ళయింది.

రెండోది ఎవరి కళ్ళతో చూసి రాశారన్నది. ఎన్‌కార్టా ఒక్కో దేశానికి ఒక్కో రకంగా వేసేవాళ్ళు. టెలిఫోన్ కనిపెట్టింది ఎవరంటే అమెరికా ఎడిషన్లో గ్రాహమ్ బెల్, ఇటలీ ఎడిషన్లో ఆంటోనియో మ్యూచీ. బిల్ గేట్సే దీని గురించి స్వయంగా రాశాడు, దాచిన విషయం కాదు. ఇటలీ వాడికి ఇటలీ చరిత్ర దొరికింది, బావుంది, మరి మనకి? మనకొచ్చేది ఎక్కువగా అమెరికా డబ్బానే. హైదరాబాద్ అని కొడితే రెండు వచ్చేవి, మనదొకటి, పాకిస్తాన్ సింధ్‌లో ఉన్నదొకటి, మనదాంట్లో ఉన్నదంతా కలిపి ఒక స్క్రీన్ కూడా నిండేది కాదు. అమెరికాలో పదివేల మంది కూడా లేని ఊళ్ళకి ఎంట్రీలున్నాయి. బతుకమ్మ, కొమురం భీం, పోతన, ఏది కొట్టినా ఖాళీ చెయ్యే. నేను ఒకటికి పదిసార్లు కొట్టి చూశా, ఏ ఏడాది డిస్కైనా ఇదే కథ. పిల్లాడికి దీంతో వచ్చే ముప్పు ఏంటంటే, డబ్బాలో లేనిది ప్రపంచంలోనే లేదనుకుంటాడు. పుస్తకంలో లేదు అంటే ఈ పుస్తకంలో లేదు అని వాడికి చెప్పాలి, గట్టిగా చెప్పాలి.

తెలుగులో ఇలాంటి డిస్క్ నా షాపుకి ఒక్కటీ రాలేదు, ఎవరైనా అడిగితే సిగ్గేసేది. మనకి విజ్ఞానసర్వస్వాలు లేక కాదు, కొమర్రాజు లక్ష్మణరావు గారు వందేళ్ళ కిందటే మొదలుపెట్టారు, 1923లో ఆయన పోయేనాటికి మూడు సంపుటాలు తెచ్చారు. తర్వాత ఈ హైదరాబాద్ నుంచే సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశం సంపుటాలు వచ్చాయి. అవి సీడీకి ఎక్కకపోవడానికి డబ్బు ఒక కారణమైతే అక్షరాలు ఇంకో కారణం. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చేదాకా తెలుగుకి కంప్యూటర్లో ఒక దిక్కంటూ లేదు, ఒక్కో డీటీపీ సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో ఫాంట్, ఇందులో టైప్ చేసింది అందులో తెరిస్తే పిచ్చి గీతలు. ఆ స్థితిలో వెతకడం ఎలా కుదురుతది? వెతకలేని ఎన్‌సైక్లోపీడియా సీడీ కంటే అట్టపుస్తకమే నయం, కనీసం అకారాది క్రమంలో తిరగేయొచ్చు.

మూడోది డిస్క్ శరీరం. అందరూ కింద మెరిసే వైపు గీతలు చూసి భయపడతారు, అసలు నాజూకు వైపు పైన, బొమ్మ ప్రింటు ఉన్న వైపు. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, అందులో దాదాపు అంతా పారదర్శకమైన ప్లాస్టిక్, డేటా ఉన్న అల్యూమినియం పొర ప్లాస్టిక్‌కి పైన, లేబుల్‌కి సరిగ్గా కింద ఉంటది, దాని మీద రక్షణ అంటే పల్చటి లక్కర్ పూత అంతే. కింద గీత పడితే పాలిష్ చేయొచ్చు, టూత్‌పేస్ట్‌తో రుద్ది నేనే చాలా బతికించా. పైన గీత పడిందంటే డేటానే లేచిపోయింది, బ్రహ్మదేవుడు కూడా తేలేడు. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్యలో ఉంటది కాబట్టి ఆ విషయంలో నయం. మీరు చేయాల్సింది ఇది: సీడీ అయితే దాన్ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని లేబుల్ వైపు నుంచి చూడండి, సూదిమొనంత చుక్కల్లోంచి వెలుతురు కనిపిస్తే అక్కడ అల్యూమినియం పోయినట్టు. ఒకటి రెండైతే డ్రైవ్ సర్దుకుంటది, జల్లెడలా ఉంటే దండం పెట్టేయండి. వానాకాలం తేమకి బూజు పట్టినవి కూడా చూశా. ఇక అబిడ్స్‌లో మీకు చూపించినది అడుగు భాగం నీలంగానో ఆకుపచ్చగానో ఊదాగానో ఉండి పైన మార్కర్ పెన్నుతో పేరు రాసి ఉంటే అది ఎవరో ఇంట్లో రాసుకున్న కాపీ, కంపెనీ ప్రెస్ చేసింది కాదు, దాని రంగు పొర ఎండకే చెడిపోతది, ఉచితంగా ఇచ్చినా వద్దు.

నాలుగోది, మీరు ఎదురుచూడని దెబ్బ, డిస్క్ బాగున్నా ఎక్కకపోవడం. 90ల నాటి డిస్కుల్లో చాలావాటి ఇన్‌స్టాలర్ 16 బిట్, అంటే పాతకాలం విండోస్ కోసం చేసింది, ఇప్పటి 64 బిట్ విండోస్ దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోదు. పాత హెల్ప్ ఫైళ్ళ మీద నడిచేవి విండోస్ విస్టా నుంచే మొరాయించాయి. 2004ది కాబట్టి మీది ఎక్కే అవకాశం ఎక్కువే, కానీ ఎక్కినా పేజీలు సగం తెరుచుకుని సగం తెల్లగా వస్తే ఆశ్చర్యపోకండి, ఆ రోజుల ఎన్‌కార్టా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని ఆసరా చేసుకుని నడిచేది. అసలు ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి డిస్క్ డ్రైవే ఉండట్లేదు, యూఎస్‌బీ డ్రైవ్ అరువు తెచ్చుకోవాలి. ఎక్కకపోతే వర్చువల్‌బాక్స్ అని కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, అందులో ఎక్స్‌పీ పెట్టుకుంటే చాలావరకు చక్కగా నడుస్తాయి, మీ దగ్గర పాత ఎక్స్‌పీ సీడీ, దాని లైసెన్స్ కీ ఉంటే.

డిస్క్ ఒకటే, వాడేవాళ్ళు పదిమంది అయితే ఏమవుతదో కూడా చెప్తా, మీ ఊరి బడికి పనికొస్తది. ఒక స్కూల్లో 20 సిస్టమ్‌ల ల్యాబ్ వేశా, యాజమాన్యం ఒకే ఒక్క సీడీ కొన్నారు, లైసెన్సుల మాట నేను ఎత్తితే వినిపించుకోలేదు, "అన్నీ కలిపేయండి సార్, నెట్‌వర్క్ ఉందిగా" అన్నారు. సర్వర్ సీడీ డ్రైవ్‌ని షేర్ చేశా. మొదటి పీరియడ్ 20 మంది ఒకేసారి 20 వేర్వేరు పదాలు కొట్టారు. డ్రైవ్‌కి ఒకటే తల, అది పాపం ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెడుతూ విమానం లేచినట్టు శబ్దం చేసింది, ఒక్కో పేజీ రావడానికి నిమిషం, సింహం గర్జన పెట్టిన పిల్లలకి గర్... అని ఆగి, మళ్ళీ కాసేపటికి గర్... అని వచ్చింది, క్లాసంతా నవ్వులే నవ్వులు. మూడో వారానికి డ్రైవ్ ఖరాబ్. తర్వాత మొత్తం హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కిస్తే గానీ దారికి రాలేదు. ల్యాబ్ టీచరమ్మ మాత్రం సీడీ మీద వేలిముద్ర పడకుండా బీరువాలో పెట్టి తాళం వేసేది, పిల్లలకి కనిపించింది డబ్బా మీద బొమ్మే.

అందుకే ఊరి బడికి కీవిక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టండి. ఉచితం, నెట్ అక్కర్లేదు, వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైల్‌గా దింపుకుని విండోస్‌లోనో ఫోన్‌లోనో చదువుకోవచ్చు. ఇంగ్లీష్ మొత్తం బొమ్మలతో కలిపి 100 జీబీ పైనే ఉంటది, అంతా అవసరం లేదు, స్కూలు పిల్లల కోసం ఏరి పెట్టిన చిన్న సెట్లు ఉన్నాయి. ముఖ్యంగా తెలుగు వికీపీడియా ఉంది, 2003లో మొదలైంది, ఇప్పుడు లక్షకి పైగా వ్యాసాలు, సూర్యాపేట జిల్లా ఏంటి, పక్క మండలం గురించి కూడా ఉంటది. మలయాళం వాళ్ళు 2010లోనే తమ వికీపీడియాలోంచి 500 వ్యాసాలు ఏరి సీడీ చేసి పంచారు, మనం పెన్‌డ్రైవ్‌తో చేద్దాం. మీరు కూకట్‌పల్లిలో ఇంటి వైఫైలో దింపి, హార్డ్‌డిస్క్‌లో వేసుకుని తీసుకెళ్ళండి, ఆరు నెలలకో ఏడాదికో ఊరెళ్ళినప్పుడు కొత్త ఫైల్ వేసి పాతది తీసేయండి. గట్టూ ఉంటది, ఏడాదికోసారి కొత్త నీళ్ళూ వస్తాయి. ఒక మాట, తెలుగు వ్యాసాల్లో కొన్ని రెండు లైన్లకే ఆగిపోతాయి, కొన్ని ఎవరో సగం రాసి వదిలేసినవి, ఎన్‌కార్టాలా అన్నీ ఒకే చేతి వంట కాదు. టీచర్ ముందు చూసుకుని పిల్లలకి ఇవ్వాలి.

బ్రిటానికా డీవీడీ గురించి, విషయం లోతు చూస్తే అది ఎన్‌కార్టా కంటే ఒక మెట్టు పైనే, సందేహం లేదు, పెద్ద వ్యాసాలు పండితులు సంతకం పెట్టి రాసినవి. కానీ ఏడో తరగతికి అది బరువు, డిగ్రీ పిల్లలకి బాగుంటది. 200 ఎక్కువని కాదు, ఫుట్‌పాత్ మీద పెట్టె లేకుండా ఎండలో పడి ఉన్న డిస్క్ ఇంటికెళ్ళాక తిరుగుతుందో లేదో ఎవడు చెప్పగలడు, వచ్చే ఆదివారం వెళ్ళి అడిగితే అతను అక్కడే ఉంటాడని గ్యారంటీ లేదు. ఆ 200కి అక్కడే పాత బొమ్మల సైన్స్ పుస్తకం మంచిది వస్తది, దానికి డ్రైవ్ అక్కర్లేదు.

ఇక మీ అబ్బాయికి ఆ 2004 డిస్క్ ఎలా ఇవ్వాలో చెప్తా, ఇది నేను మా మేనల్లుడితో చేసి చూసిన పద్ధతి. వాడికి దీన్ని చదవమని ఇవ్వలేదు, తప్పులు పట్టమని ఇచ్చా. "ఇందులో ఇవాళ్టికి తప్పైనవి ఎన్ని దొరికితే అన్ని పదిరూపాయలు, కానీ ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో పుస్తకంలోనో పేపర్లోనో వెతికి చూపించాలి" అన్నా. మొదటి రోజు ప్లూటో తెచ్చాడు, రెండో రోజు తెలంగాణ, ఆ తర్వాత ఒక వారం పాటు దేశాల జనాభాలు తెచ్చి నన్ను దివాళా తీయించబోయాడు, అంకెలన్నీ కలిపి ఒకటే తప్పు కింద లెక్క అని రూలు మార్చాల్సి వచ్చింది. 28 రాష్ట్రాల దగ్గర నేను వాణ్ణి బోల్తా కొట్టించా, "మామా ఇది కరెక్టే" అని వదిలేసి పోయాడు, లిస్టు రాయరా అంటే అప్పుడు పట్టుకున్నాడు, ఆ ఒక్కదానికి యాభై ఇచ్చా. మూడు వారాల్లో నాకు నాలుగు వందలు ఖర్చు, ఆ మూడు వారాలూ వాడు యూట్యూబ్ పూర్తిగా మానేశాడని అబద్ధం చెప్పను, తగ్గించాడు. ఏదైనా చదివితే ముందు ఇది ఏ ఏడాదిది అని అడగడం మాత్రం వాడికి ఇప్పటికీ అలవాటే.

డిస్క్ వాడే ముందు ఒక్క పని చేయండి. అది తిరుగుతున్నప్పుడే ఇమ్‌గ్‌బర్న్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాని ఐఎస్ఓ ఇమేజ్, అంటే డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా, తీసి హార్డ్‌డిస్క్‌లో దాచుకోండి, విండోస్ 8 నుంచి ఐఎస్ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే డిస్క్ పెట్టినట్టే తెరుచుకుంటది, డిస్క్ మళ్ళీ అల్మారాలోకి పోవచ్చు. పెట్టె వెనకో లోపలో ప్రోడక్ట్ కీ స్టిక్కర్ ఉంటే దాన్ని ఇవాళే ఫోన్‌తో ఫొటో తీయండి. నా దగ్గరికి వచ్చిన పాత డిస్కుల్లో గీతలు పడి పోయిన వాటికంటే, డబ్బా పాతపేపర్లలో వేసేసి కీ పోగొట్టుకున్నవే ఎక్కువ.